సంఘం పని నుంచి సిటీ కౌన్సిల్‌కు: న్యూయార్క్‌లో నిలబడేవాళ్లకు కొన్ని లెక్కలు

(న్యూయార్క్‌లో తెలుగు వాలంటీర్ల శిక్షణ సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

మీలో చాలామంది టెనెంట్ అసోసియేషన్లలోనో, డ్రైవర్ల సంఘాల్లోనో, బడుల్లో పేరెంట్ కమిటీల్లోనో పనిచేస్తున్నారు. చలికాలంలో హీటింగ్ రాని బిల్డింగులో కుటుంబాలను కూడగట్టి ఓనరును హౌసింగ్ కోర్టుకు లాగినవాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్లను ఏదో ఒకరోజు ఎవరో ఒకరు అడుగుతారు: "ఇంతమంది మీ వెనక ఉన్నారు కదా, కౌన్సిల్‌కు నిలబడకూడదా?" అని. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ "ఇంతమంది" గురించే. సంఘంలో లెక్కకొచ్చే మనుషులు వేరు, ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ముందు ఎన్నికలో, లెక్కకొచ్చే మనుషులు వేరు. ఈ తేడా నామినేషన్‌కు ఏడాది ముందు తెలిస్తే ఏదైనా చేయొచ్చు. ఏప్రిల్లో తెలిస్తే చేసేదేమీ ఉండదు.

న్యూయార్క్ సిటీ కౌన్సిల్లో 51 సీట్లు. 2020 జనాభా లెక్కల్లో నగరం 88 లక్షలు కాబట్టి ఒక్కో డిస్ట్రిక్టుకు, అంటే నియోజకవర్గానికి, సుమారు లక్షా డెబ్బై వేల మంది. ఎక్కువ డిస్ట్రిక్టుల్లో అసలు పోటీ జూన్‌లో జరిగే డెమొక్రటిక్ ప్రైమరీయే, నవంబరు లాంఛనమే. 2025లో గెలిచినవాళ్లది నాలుగేళ్ల పదవి. కాబట్టి మళ్లీ అన్ని సీట్లకూ ఎన్నిక 2029లో. మధ్యలో సీటు ఖాళీ అయితే స్పెషల్ ఎలక్షన్ పెడతారు. మనవాళ్లు గెలవలేరా అంటే, గెలిచారు. 2021లో క్వీన్స్‌లో శేఖర్ కృష్ణన్, బ్రూక్లిన్‌లో షహానా హనీఫ్ గెలిచి ఈ కౌన్సిల్లో తొలి దక్షిణాసియా సభ్యులయ్యారు. ఆయన హౌసింగ్ కేసులు వాదించిన లాయరు, ఆమె ఆర్గనైజర్.

ముందు జాబితా సంగతి. మీ ఫోన్లో, మీ ఎక్సెల్ షీట్లో రెండు వేల పేర్లున్నాయనుకుందాం. ఇది లెక్క కోసం చెబుతున్న అంకె. వాటిని వరసగా జల్లెడ పట్టండి. మొదట అడ్రసు: డిస్ట్రిక్టు లోపల ఉంటున్నారా? ఒకే వీధిలో కుడిపక్క ఒక డిస్ట్రిక్టు, ఎడమపక్క ఇంకొకటి ఉండటం ఇక్కడ మామూలే. పైగా 2020 లెక్కల తర్వాత గీతలు మారాయి, పాత మ్యాపుతో పని చేయకండి. రెండోది పౌరసత్వం. మూడోది ఓటరుగా నమోదు. నాలుగోది పార్టీ. ఐదోది, గత మూడు ప్రైమరీల్లో ఓటు వేశారా అన్నది. మూడింటిలోనూ వేసినవాళ్లను ఇక్కడి ప్రచారాల్లో "ట్రిపుల్ ప్రైమ్" అంటారు. ఎవరికి ఓటేశారో ఎవరికీ తెలియదు గానీ, వేశారా లేదా అన్నది ఓటరు ఫైల్లో ఉంటుంది. ఈ ఐదు వడపోతలయ్యాక రెండు వేలలో మూడు వందల పేర్లు మిగిలినా ఆశ్చర్యపోకండి.

అందులో నాలుగోది, అంటే పార్టీ సంగతి దగ్గర చాలామంది దెబ్బతింటారు. న్యూయార్క్‌లో ప్రైమరీ మూసిన తలుపు. డెమొక్రాట్‌గా నమోదైనవాళ్లే డెమొక్రటిక్ ప్రైమరీలో ఓటేయాలి. మనవాళ్లలో ఎంతోమంది సిటిజన్‌షిప్ వచ్చినరోజు ఫారం నింపుతూ పార్టీ గడి ఖాళీగా వదిలేస్తారు. వాళ్లను "బ్లాంక్స్" అంటారు. వాళ్లు పార్టీ చేరాలంటే ఫిబ్రవరి 14 లోపు ఫారం అందాలి. ఆ రోజు దాటి పంపితే అది ప్రైమరీ అయిన తర్వాతే అమల్లోకి వస్తుంది. మీరంటే ప్రాణమిచ్చే మనిషైనా జూన్‌లో మీకు ఓటేయలేడు. కొత్తగా నమోదయ్యేవాళ్లకు మాత్రం ఈ గడువు లేదు, ఎన్నికకు పది రోజుల ముందు దాకా పార్టీతో సహా నమోదు చేసుకోవచ్చు. అందుకని జనవరి నెలంతా బ్లాంక్స్ వెంట పడండి, కొత్త పౌరుల్ని ఏప్రిల్, మే నెలల్లో చూసుకోవచ్చు. తిరగేసి చేస్తే రెండూ చెడతాయి.

ఇంకో సంగతి. మీరు జీతానికి పనిచేసేది 501(సి)(3) సంస్థ, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థ అయితే, ఆ జాబితా మీది కాదు, సంస్థది. 1954 నుంచీ ఫెడరల్ పన్ను చట్టం ఈ సంస్థలను ఏ అభ్యర్థి తరఫునా, ఏ అభ్యర్థికి వ్యతిరేకంగానూ పనిచేయనివ్వదు. ఆఫీసు ఫోను, ఈమెయిలు, జిరాక్స్ మెషిను, మీటింగు హాలు ఏదీ ముట్టుకోకూడదు. సంస్థ తన జాబితాను మార్కెట్ ధరకు అద్దెకివ్వచ్చు, అయితే అడిగిన అభ్యర్థులందరికీ అదే ధరకు ఇవ్వాలి. మీరు నిలబడతారని నిర్ణయించుకున్న రోజే సంస్థతో రాతపూర్వకంగా సెలవో, పనిగంటలో తేల్చుకోండి. సాయంత్రం ఆరు తర్వాత మీ సొంత ఫోన్లో, సొంత జాబితాతో మీరేం చేసుకున్నా అది మీ ఇష్టం. ప్రత్యర్థి ఫిర్యాదు పెడితే నష్టపోయేది ఎక్కువగా సంస్థే, దాన్ని కట్టిన మనుషులే.

ఇప్పుడు పిటిషన్లు. బ్యాలెట్ మీద పేరు రావాలంటే కౌన్సిల్‌కు 450 సంతకాలు చాలు. వినడానికి చిన్న అంకె. 2025లో ఈ సంతకాల సేకరణ ఫిబ్రవరి 25న మొదలై ఏప్రిల్ 3తో ముగిసింది, అంటే సుమారు ఐదున్నర వారాలు, అదీ చలిలో. సంతకం పెట్టే మనిషి డిస్ట్రిక్టులో ఉండాలి, అదే పార్టీలో నమోదై ఉండాలి, అదే పదవికి ఇంకొకరి పిటిషన్ మీద అంతకుముందు సంతకం పెట్టి ఉండకూడదు. పెట్టి ఉంటే ముందు తేదీదే చెల్లుతుంది, మీది పోతుంది. అందుకే మొదటి వారంలోనే మీకు గట్టిగా మద్దతిచ్చే ఇళ్లన్నీ చుట్టేయాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు సంతకం పెట్టకూడదు. పెట్టేస్తారు, మనం వద్దన్నా మొహమాటానికి పెట్టేస్తారు. తలుపు తట్టకముందే మీ చేతిలో ఆ బిల్డింగు ఓటర్ల జాబితా ఉండాలి, అందులో పేరున్న మనిషికే కలం ఇవ్వాలి.

కాగితం సంగతి కాస్త దగ్గరగా చూద్దాం. ఒక్కో వరసలో తేదీ, సంతకం, కింద పేరు, అడ్రసు, చివర కౌంటీ. ఆ చివరి గడిలో న్యూయార్క్ సిటీ అని రాస్తుంటారు. అక్కడ ఉండాల్సింది కౌంటీ: క్వీన్స్, కింగ్స్, బ్రాంక్స్, న్యూయార్క్, రిచ్‌మండ్. బ్రూక్లిన్ అని కాదు, కింగ్స్. సంతకం తప్ప మిగతావన్నీ మీరు నింపిపెట్టొచ్చు, సంతకం మాత్రం ఆ మనిషే పెట్టాలి. భర్త భార్య తరఫున పెట్టడం, కొడుకు తల్లి తరఫున పెట్టడం మన ఇళ్లల్లో సహజం. "ఆవిడ వంటింట్లో ఉంది, నేను పెట్టేస్తాలెండి" అంటారు నవ్వుతూ. నవ్వి ఊరుకోకండి, ఆవిడను పిలిపించండి. ఒకే చేతిరాతతో రెండు సంతకాలు కనిపిస్తే పోయేది ఆ రెండే కాదు. మోసం విస్తారంగా ఉందని కోర్టు నమ్మితే పిటిషన్ మొత్తం కొట్టేస్తుంది.

పేజీ అడుగున సాక్షి వాంగ్మూలం ఉంటుంది. ఆ సంతకాలన్నీ తన కళ్లముందు జరిగాయని సంతకాలు సేకరించిన మనిషి రాసిచ్చేది. ఆ సాక్షి రాష్ట్రంలో ఓటరై, అదే పార్టీలో నమోదై ఉండాలి. లేదంటే నోటరీ పబ్లిక్ అయినా ఉండాలి. అంటే హెచ్-1బి మీద ఉన్న మీ బామ్మర్ది ఎంత ఉత్సాహంగా పది బిల్డింగులు తిరిగినా తను సాక్షి కాలేడు. పక్కన అర్హుడైన మనిషి ఉండి ప్రతి సంతకాన్నీ చూడాల్సిందే. ఆ సాక్షి వాంగ్మూలంలో తేదీ, సంతకాల సంఖ్య, అడ్రసు సరిగా ఉండాలి. వరసలో తప్పుంటే ఒక సంతకం పోతుంది, అక్కడ తప్పుంటే పేజీ పోతుంది. పేజీ నిండాక సాక్షి ఆ రోజే, ఇంటికెళ్లకముందే నింపి సంతకం పెట్టాలి. ముందే సంతకం పెట్టి తిరగడం కుదరదు.

అందుకే 450కి మూడింతలు, అంటే 1,350 తక్కువ కాకుండా తెమ్మంటాం. దాఖలైన మూడు రోజుల్లో ఎవరైనా సాధారణ అభ్యంతరం పెట్టొచ్చు, ఆపైన ఆరు రోజుల్లో ఏ వరస ఎందుకు చెల్లదో వివరాలిస్తారు. ప్రత్యర్థి లాయరు ఒక్కో వరసా చదువుతాడు. 1,350 కనిపిస్తే చాలామంది చదవడం కూడా మొదలుపెట్టరు. ప్రతి రాత్రి మీరే ఓటరు ఫైలుతో పోల్చి చెల్లనివి లెక్కగట్టండి. మూడోవంతు చెల్లట్లేదంటే తప్పు ఓటర్లలో లేదు, మీ వాలంటీర్లు జాబితా చూడకుండా సూపర్ మార్కెట్ ముందు నిలబడుతున్నారన్నమాట.

డబ్బు. ఇది మనవాళ్లు పూర్తిగా తలకిందులుగా అర్థం చేసుకునే విషయం. ఇక్కడ ప్రచార విరాళాలు, ఖర్చులు చూసే క్యాంపెయిన్ ఫైనాన్స్ బోర్డు అని ఉంది. 2018లో ఓటర్లు ఆమోదించాక నగరవాసి ఇచ్చే ప్రతి డాలరుకూ నగరం ఎనిమిది డాలర్లు కలుపుతుంది. కౌన్సిల్‌కైతే ఒక్కో మనిషి దగ్గర మొదటి 175 డాలర్లకే ఈ లెక్క. క్వీన్స్‌లో ఉన్న ఒక నర్సు 175 ఇస్తే నగరం 1,400 కలుపుతుంది, మీకు అందేది 1,575. 2025లో ఒక మనిషి కౌన్సిల్ అభ్యర్థికి ఇవ్వగల గరిష్ఠం 1,050. ఎడిసన్‌లో ఉన్న మీ స్నేహితుడు ఆ గరిష్ఠం మొత్తం ఇచ్చినా అది 1,050 గానే ఉంటుంది, ఎందుకంటే ఆయన న్యూజెర్సీవాసి. మన సంఘాల డిన్నర్లలో చేతులెత్తేవాళ్లు సగానికి పైగా నది అవతలివాళ్లే. వాళ్లకు దండం పెట్టండి, తీసుకోండి, కానీ వారమంతా దానికే ఖర్చు పెట్టకండి.

2025లో ప్రైమరీలో ఖర్చు పరిమితి 2,28,000 డాలర్లు. నగరం ఇచ్చే గరిష్ఠం 2,02,667. ఆ గరిష్ఠం రావాలంటే జత కలిసే విరాళాలు, అంటే నగరం తన డబ్బు కలిపేవి, 25,333 డాలర్లు చాలు. అంటే 175 చొప్పున 145 మంది, లేదా 50 చొప్పున 507 మంది. ఈ విరాళాలూ నగరం ఇచ్చే డబ్బూ కలిపితే సరిగ్గా ఖర్చు పరిమితి. మీలాంటి ఆర్గనైజర్ పెద్ద బిల్డర్ బలపరిచిన అభ్యర్థితో సమానంగా ఖర్చు పెట్టగలిగేది ఈ ఒక్క లెక్క వల్లనే. అయితే ముందు ఒక మెట్టుంది: జత కలిసే విరాళాలు కనీసం 5,000 డాలర్లు, అందులో డిస్ట్రిక్టు లోపల ఉంటున్న 75 మంది నుంచి తలా పది డాలర్లో అంతకంటే ఎక్కువో. సంఘం మనుషులు మీకు నిజంగా అక్కరకొచ్చేది ఈ 75 దగ్గర. పది డాలర్లు ఇచ్చిన మనిషి తర్వాత నాలుగు ఓట్లు వెంటబెట్టుకొస్తాడు కూడా.

ఈ జత డబ్బు ఎక్కడ పోతుందంటే: కార్డు విషయంలో. దంపతులిద్దరూ చెరో 175 ఇస్తామని ఒకే కార్డు గీకుతారు. కార్డు ఎవరిదైతే విరాళం వాళ్లదే. ఎవరి డబ్బు వాళ్లే, ఎవరి పేరున వాళ్లే ఇవ్వాలి. ఇంకొకరి పేరున ఇవ్వడం నేరం. నగదు మనిషికి 100 డాలర్లు దాటకూడదు, విరాళం కార్డు నింపించి సంతకం తీసుకోవాలి. మొత్తం 99 దాటితే ఉద్యోగం, యజమాని వివరాలు కావాలి. కంపెనీ చెక్కు, ఎల్ఎల్‌సీ చెక్కు పనికిరావు. మన మోటెల్, గ్యాస్ స్టేషన్, ఐటీ కన్సల్టెన్సీ అన్నలు అలవాటుగా బిజినెస్ చెక్కు చింపిస్తారు. అక్కడికక్కడే మర్యాదగా తిప్పి ఇచ్చేసి సొంత ఖాతా చెక్కు అడగండి. నగరంతో కాంట్రాక్టులున్నవాళ్లకు పరిమితి 250 మాత్రమే, దానికి జత కూడా కలవదు.

(సభలో ఒకరు: హెచ్-1బి వాళ్లు ఇవ్వచ్చా?)

ఇవ్వకూడదు. గ్రీన్ కార్డు ఉంటే ఇవ్వచ్చు, అది లేకపోతే ఏ అమెరికా ఎన్నికలోనూ ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు, ఇది ఫెడరల్ చట్టం. హెచ్-1బి, ఎఫ్-1, విజిటర్‌గా వచ్చిన అమ్మానాన్నలు, అందరికీ ఇదే. జీతం తీసుకోకుండా వాలంటీరుగా తలుపులు తట్టొచ్చు, ఫోన్లు చేయొచ్చు, సమోసాలు పంచొచ్చు. కానీ డబ్బు ఎలా ఖర్చు పెట్టాలన్న నిర్ణయాల్లో కూర్చోకూడదు. ఓటు అంటారా, గ్రీన్ కార్డువాళ్లకు స్థానిక ఎన్నికల్లో ఓటిచ్చే చట్టం 2022లో నగరం తెచ్చింది గానీ 2025 మార్చిలో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం కొట్టేసింది. ఆ లెక్కతో ఎవరూ ప్రచారం కట్టుకోవద్దు.

తలుపులు. వారం రోజుల్లో సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర, శని ఆదివారాలు పదకొండు నుంచి ఐదు. లిఫ్టు లేని బిల్డింగులో పై అంతస్తుకు ముందెక్కి కిందికి దిగుతూ రండి. కింద మొదలుపెడితే నాలుగో అంతస్తుకు ఆయాసమొచ్చి మానేస్తారు, పైన ఉన్న ముసలివాళ్లే క్రమం తప్పక ఓటేసేవాళ్లు. మూడు గంటల షిఫ్టులో సుమారు యాభై తలుపులు, పన్నెండు సంభాషణలు, గట్టిగా మనవాళ్లనిపించేవి ఐదు. ఇప్పుడు గుణించండి. మొదటి ప్రాధాన్యంగా (ఈ పద్ధతి తర్వాత చెబుతాను) 6,000 ఓట్లు కావాలనుకుంటే, ఐదుతో భాగిస్తే 1,200 షిఫ్టులు. పన్నెండు వారాలకు పంచితే వారానికి వంద. ఈ అంకెను కాగితం మీద రాసి గోడకు అంటించండి. ర్యాలీకి ఐదు వందల మంది వచ్చారన్న ఆనందం దీని ముందు నిలవదు.

ఆర్గనైజర్లకు తలుపు దగ్గర ఒక జబ్బుంది, వదలకుండా మాట్లాడటం. బిల్డింగు మీటింగులో అరగంట మాట్లాడితే గుణం కనిపిస్తుంది, తలుపు దగ్గర నాలుగు నిమిషాలు దాటితే ఆ పక్కింటివాళ్లు దొరకరు. ఎలుకలో, నీళ్ల లీకో చెబితే రాసుకోండి, మర్నాడు నగరం ఫిర్యాదుల నంబరు 311కి ఫిర్యాదు ఎలా పెట్టాలో ఒకరితో ఫోన్ చేయించండి. మీరే బాగుచేయిస్తామని మాట ఇవ్వకండి. 1 నుంచి 5 దాకా అంకె వేయండి: 1 అంటే మనవాళ్లు, 3 తేల్చుకోనివాళ్లు, 5 అవతలివాళ్లు. మొహమాటానికి తలూపినవాళ్లకు 1 వేయడం మన వాలంటీర్లకు మహా అలవాటు. "మాకు ఓటేస్తారా?" అని సూటిగా అడిగి "వేస్తాను" అన్న మాట వినకపోతే అది 2 మాత్రమే.

ప్రైమరీలో, స్పెషల్ ఎలక్షన్లో ప్రాధాన్య ఓటు పద్ధతి ఉంది. 2019లో ఓటర్లు ఒప్పుకున్నారు, 2021 నుంచి అమలు. ఐదుగురి దాకా వరస ఇవ్వచ్చు. ఎవరికీ సగానికి మించి రాకపోతే అడుగున ఉన్నవాళ్లను తీసేసి వాళ్ల ఓట్లు తర్వాతి ప్రాధాన్యానికి పంపుతారు. కాబట్టి కిటికీలో అవతలి అభ్యర్థి పోస్టరున్న ఇంటిని వదిలేయకండి. "ఆయన మొదట ఉండనివ్వండి, రెండో గడిలో మమ్మల్ని పెడతారా?" అని అడగండి, దానికి వేరే గుర్తు వేసుకోండి. మీ సొంత ఓటర్లకు మాత్రం నమూనా బ్యాలెట్ చూపించాలి. ఐదు గడులూ ఒకే పేరుకు నింపితే బలం పెరుగుతుందని కొందరు అనుకుంటారు. పెరగదు, అది ఒక్కసారి వేసినట్టే. ఒకే వరసలో ఇద్దరిని నింపితే అక్కణ్నుంచి ఆ ఓటు చెల్లదు. తెలుగులో బ్యాలెట్ లేదు. ఇంగ్లీషు చదవలేని అమ్మమ్మలు తమకు నచ్చిన మనిషిని లోపలికి సాయంగా తీసుకెళ్లొచ్చు. యజమానో, యూనియన్ ప్రతినిధో తప్ప ఎవరైనా సరే, మనవరాలైనా సరే. పోలింగువాళ్లు కాదంటే, అది ఫెడరల్ హక్కని చెప్పండి. ఓట్లు వేసే రోజులు కూడా ఒకటి కాదు, ముందస్తుగా తొమ్మిది రోజులుంటాయి. మీ జాబితాలో 1 అంకె పడినవాళ్లందరినీ అందులోనే పంపేయగలిగితే చివరి రోజు ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా మిగిలినవాళ్ల వెంట పడొచ్చు.

హామీల గురించి ఒక్క మాట, ఎందుకంటే సంఘం నుంచి వచ్చినవాళ్లే ఇక్కడ ఎక్కువ జారతారు. రెంట్ స్టెబిలైజ్డ్ (అద్దె పెంపుకు పరిమితి ఉన్న) ఇళ్ల అద్దె పెంచేది, ఆపేది మేయర్ నియమించే రెంట్ గైడ్‌లైన్స్ బోర్డు, కౌన్సిల్ కాదు. సబ్‌వే రాష్ట్రం చేతిలో ఉంది. కౌన్సిల్ చట్టాలు చేస్తుంది, జులై 1న మొదలయ్యే బడ్జెట్‌ను ఆమోదిస్తుంది, ఏజెన్సీలను విచారణకు పిలుస్తుంది. సభ్యుడి చేతిలో తన డిస్ట్రిక్టు బడులకు, పార్కులకు, సంస్థలకు ఇచ్చే కొంత డబ్బుంటుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో జనమే ఓటేసి తేల్చే పద్ధతిని 2011లో నలుగురు సభ్యులు ఇక్కడ మొదలుపెట్టారు. ఆర్గనైజర్‌కు చేతనైన పని అది, అదే చెప్పుకోండి. కొత్త భవనాల మీద సభ్యుడి మాటే చివరి మాటగా ఉండే ఆనవాయితీ 2025 నవంబరులో చార్టర్‌కు, అంటే నగర మూల చట్టానికి, చేసిన సవరణలతో చాలావరకు సడలింది. "ఆ టవర్‌ను నేను ఆపుతా" అని అరిచే ముందు లాయరును అడగండి.

(మరొకరు: ఓడిపోతే ఆ నగరం డబ్బు సంగతేంటి?)

గెలిచినా ఓడినా ఒకటే. ప్రతి అభ్యర్థికీ ఆడిట్ ఉంటుంది. ఖర్చు కాని నగరం డబ్బు తిరిగివ్వాలి. అనుమతి లేని ఖర్చుకు వాడినదీ తిరిగివ్వాలి. భార్యకో, భర్తకో, తమ్ముడికో ఇచ్చిన జీతాలకు ఆ డబ్బు వాడకూడదు, కుటుంబమంతా కలిసి ప్రచారం చేసే మనలాంటి వాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. బాధ్యత అభ్యర్థిదీ, ట్రెజరర్‌దీ కూడా. కాబట్టి "నాకేం రాదన్నా, సంతకం పెడతాలే" అనే స్నేహితుణ్ని ట్రెజరర్‌గా పెట్టకండి. ఎవరి చేతికి ఎంత, ఏ తేదీన, ఏ పనికి అన్న రసీదు లేకుండా ఒక్క చెక్కూ రాయొద్దు. ఫ్లయర్లు పంచినవాళ్ల టైమ్ షీట్లు, ప్రింటరు బిల్లుతో పాటు ఆ ఫ్లయరు కాపీ ఒకటి, అన్నీ ఫైల్లో పెట్టండి. ఆడిట్ తేలడానికి ఏడాది దాటినా దాటొచ్చు, అప్పటిదాకా బ్యాంకు ఖాతా మూసేయకండి, మెయిల్ అడ్రసు మారితే బోర్డుకు చెప్పండి.